పద్దెనిమిదో కిలోమీటరు, మొదటి పేజీ

పంక్చరక్క మంచి మనిషని నేను చెప్పను. ఎవరైనా అలా అంటే ఆవిడే ఒప్పుకోదు. ఏడేళ్ళపాటు ఒక మనిషి మీద పగ పెంచి, రోజూ దానికి నీళ్ళు పోసి, కాయ కాసేదాకా పక్కనే కూర్చున్న మనిషి ఆవిడ. పాము పగ పన్నెండేళ్ళంటారు గాని, పాముకి మధ్యలో నిద్రయినా పడుతుంది. ఈవిడకి అదీ లేదు.

నేను రోడ్ల ఆఫీసులో టైపిస్టుని. ముప్పైయొక్క ఏళ్ళుగా అదే కుర్చీ, అదే మిషను. అందరూ టైపమ్మగారంటారు. ఆవిడ కథ నేను చెప్పడానికి ఒక కారణముంది, దాన్ని దాచిపెట్టను. ఈ కథకి మూలమైన అబద్ధాన్ని టైపు చేసింది నేనే.

మా ఊరినుంచి పట్నానికి ముప్పైరెండు కిలోమీటర్ల రోడ్డు. పద్దెనిమిదో రాయి దగ్గర ఒక మలుపు, మలుపులో ఒక గుంట. బస్సు అక్కడికి చేరేముందు కండక్టరు "పళ్ళు జాగ్రత్త!" అని అరిచేవాడు. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. పాతవాళ్ళు ముందు సీటు కమ్మీ పట్టుకునేవాళ్ళు. నేను రోజూ ఆ బస్సులోనే ఆఫీసుకి వెళ్ళేదాన్ని కాబట్టి ఆ గుంట సంగతి నా నడుముకి బాగా తెలుసు.

పంక్చరక్క భర్త పాలవ్యాను నడిపేవాడు. ఒకరోజు పొద్దున్న ఎదురింటి మాస్టారు బస్సు తప్పిపోయి, బడికి ఆలస్యమవుతుందని కంగారుపడుతుంటే, "ఎక్కండి మాస్టారూ, దింపేస్తాను" అని ఎక్కించుకున్నాడు. మలుపులో ముందుచక్రం గుంటలో దిగింది. వ్యాను పల్టీ కొట్టింది. ఇద్దరూ పోయారు.

కబురు తెలిసి ఆవిడ వచ్చేసరికి జనం మూగి ఉన్నారట. ఆవిడ భర్త శవం దగ్గరికి వెళ్ళింది, చూసింది, తరవాత నేరుగా వెళ్ళి ఆ గుంటలో నిలబడింది. మతి పోయిందనుకున్నారు. మతి పోలేదు, కొలుచుకుంటోంది. వ్యానులో భర్త లెక్కల పుస్తకమొకటి దొరికింది, ఇంకా ఒక్క గీత కూడా పడని కొత్త పుస్తకం. దాని మొదటి పేజీలో తేదీ వేసి ఇలా రాసుకుంది: 'పాలవ్యాను. పద్దెనిమిదో కిలోమీటరు. లోతు నా పిక్క సగం దాకా. మనుషులు ఇద్దరు.'

మర్నాడు పొద్దున్నే రోడ్డు కూలీలు వచ్చి ఆ గుంట పూడ్చి, తారు పోసి, రోలరు తిప్పి వెళ్ళారు. ఆరేళ్ళు బస్సుల్లో జనం మొత్తుకున్నా రాని తారు ఒక్క పూటలో వచ్చింది. ఆ మర్నాడు మా ఇంజనీరుగారు తనిఖీకి వెళ్ళారు.

ఆయన్ని ఆఫీసులో డిటోగారు అనేవాళ్ళం, వెనకాల. ఏటా ప్రతి రోడ్డుకీ స్థితి రిజిస్టరు రాయాలి. కిలోమీటరుకి ఒక వరస. రోడ్డు మీదికి వెళ్ళి, దిగి, చూసి రాయాలి. ఆయన మొదటి వరసలో 'బాగుంది' అని రాసి, కింద ముప్పైయొక్క వరసల్లోనూ రెండేసి డిటో గీతలు పెట్టేవారు, పైన చెప్పినట్టే అని. పై ఏడాది ఆ రిజిస్టరు చూసి ఇంకో రిజిస్టరు. కుర్చీలోంచి లేవకుండా వంద రోడ్లు తనిఖీ చేసిన ఘనుడు.

ఆ రోజు తనిఖీనుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా నాకు చెప్పి రాయించారు. "రోడ్డు స్థితి బాగుంది. ప్రమాదానికి కారణం డ్రైవరు నిర్లక్ష్యం, అతివేగం."

నా వేళ్ళు ఆగాయి.

"ఏమ్మా, రిబ్బన్ అయిపోయిందా?" అన్నారు.

"లేదండీ" అన్నాను. కొట్టాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నేను తీసుకున్నాను, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాను. కొత్త తారు మీద బస్సు మెత్తగా వెళ్ళింది.

ఆ కాగితం ఏం చేసిందో చెప్తాను. మాస్టారి తల్లీ పంక్చరక్కా ఎదురెదురిళ్ళవాళ్ళు. అంతకుముందు ఆ ఇంట్లో చింతపండు నిండుకుంటే ఈ ఇంట్లోంచి వెళ్ళేది. రిపోర్టు సంగతి ఊళ్ళో పాకాక ఆ పెద్దావిడ వీధిలో నిలబడి ఒకే ఒక్క మాట అంది. "నీ మొగుడు ఒళ్ళు తెలియకుండా తోలి నా కొడుకుని చంపాడు. ఇక నీ మొహం నాకు చూపించకు." ఆ రోజునుంచి ఈవిడ పొద్దున్న ఏడింటికి తలుపు తీసేసరికి ఎదురింటి కిటికీ ధడాలున మూసుకునేది. ఏడేళ్ళు, రోజూ. పంక్చరక్క ఏడ్చేదేమో నాకు తెలియదు. కాని ఒకసారి నాతో అంది: "మా ఆయన పోయినందుకు కాదండీ నాకు కడుపుమంట. పోయినవాడి నెత్తిన ఇంకో చావు పెట్టారు చూడండి, అందుకు. దింపుతానని పిలిచి చంపాడని ఆ తల్లి చచ్చేదాకా అనుకోవాలా?"

మూడు నెలలకి ఆ మలుపు దగ్గరే పంక్చర్ల కొట్టు పెట్టింది. నాలుగు రేకులు, ఒక కంప్రెషరు, నీళ్ళ తొట్టి, టైర్లు విప్పే కడ్డీలు. పని ఎవరి దగ్గర నేర్చుకుందో తెలియదు గాని, లారీ టైరు మీద కాలేసి నొక్కి విప్పుతుంటే ఆ టైరు ఎవరి పీకో అనిపించేది. పూడ్చిన గుంట రెండు వానలకే మళ్ళీ నోరు తెరిచింది. దానికి చుట్టుపక్కల పిల్లగుంటలు కూడా పుట్టాయి. ఆవిడకి బేరాలకేం లోటు లేదు.

"గుంటలే నా అన్నదాతలండీ" అనేది, పళ్ళు కొరుకుతూ.

బండి ఏదొచ్చినా ముందు ఒక ప్రశ్న. "ఎక్కడ పడింది?"

"ఎక్కడో పడిందిలే అక్కా, ముందు గాలి కొట్టు, ఎండలో మాడిపోతున్నా."

"రాయి నంబరు చెప్పు. అప్పుడే గాలి."

చెప్పేవాళ్ళు. తెలియకపోతే వెనక్కి నడిచి వెళ్ళి చూసొచ్చేవాళ్ళు, తిట్టుకుంటూ. ఆవిడ భర్త పుస్తకంలో రాసేది. తేదీ, బండి, రాయి నంబరు, ఏం విరిగింది. అది నిండితే ఇంకో పుస్తకం. లారీవాళ్ళకి అదొక వేళాకోళం. "అక్క చిత్రగుప్తుడికి చెల్లెలు" అనేవాళ్ళు. ఎందుకు రాస్తోందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నెలనెలా మొదటి సోమవారం మా ఆఫీసుకి వచ్చేది. ఆ రిపోర్టు తప్పు, సరిదిద్దండి అని అర్జీ. ప్రతిసారీ ఒకటే జవాబు, ఫైలు ముగిసింది అని. ఆ జవాబు కూడా టైపు చేసేది నేనే. బంట్రోతు ఆవిడని గుమ్మంలోనే నిలబెట్టేవాడు. నేను మాత్రం పిలిచి నా బల్ల పక్కన స్టూలు వేసేదాన్ని, మంచినీళ్ళిచ్చేదాన్ని. "ఈ ఆఫీసులో మనిషంటూ ఉంటే మీరొక్కరే టైపమ్మగారూ" అనేది. నాకు తృప్తిగా ఉండేది. తేలు కుట్టిన దొంగలా లోపల మూలుగుతూనే, పైకి మాత్రం మంచి మనిషిలా కూర్చునేదాన్ని.

ఒక సోమవారం నా బల్ల మీద ప్రభుత్వం పంపిన కొత్త ఉత్తర్వు ఉంది. పల్లెల మీదుగా వెళ్ళే పెద్ద రోడ్లని రాష్ట్ర నిధులతో బాగుచేస్తారట. అర్హతకి రెండే షరతులు. ఒకటి, రోజుకి ఇన్ని బండ్లు తిరగాలి. రెండు, దరఖాస్తుల గడువు రోజునుంచి వెనక్కి లెక్కేస్తే ఆ రోడ్డు కనీసం ఏడేళ్ళుగా పాడై ఉండాలి, దానికి రాతపూర్వకమైన ఆధారం ఉండాలి. నిన్నమొన్న పాడైన రోడ్డయితే వేసిన కాంట్రాక్టరే బాగుచెయ్యాలని లెండి. ఊరికే కబుర్లలో ఆవిడకి చెప్పాను. మళ్ళీ చదవమంది. రెండోసారి చదివాను.

"గడువు ఎప్పుడన్నారు?"

చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. తరవాత నవ్వింది. అన్నేళ్ళలో ఆవిడ పళ్ళు చూడటం అదే మొదలు.

పదిరోజుల తరవాత మా శాసనసభ్యుడుగారు ఆ దారిన వెళ్తుంటే మలుపులో నలభై లారీలు అడ్డంగా ఆగి ఉన్నాయి. అన్నీ ఒకేసారి పంక్చరయ్యాయట. ఆయన దిగారు, దుమ్ములో రెండుగంటలు నిలబడ్డారు, ఆఖరికి ఎవరిదో మైకు అందుకుని, "ఈ నెలాఖరులోగా ఈ రోడ్డుని నిధుల జాబితాలో పెట్టిస్తాను" అని అందరిముందూ మాటిచ్చారు. నలభై లారీలకీ గాలి అప్పటికప్పుడే నిండింది.

ఫైలు పరుగెత్తింది. ఏడురోజులు రోడ్డుపక్కన మనుషుల్ని కూర్చోబెట్టి, వచ్చే బండికీ పోయే బండికీ గీతలు గీయించారు. మొదటి షరతు సునాయాసంగా గట్టెక్కింది. రెండో దగ్గర రాజధానినుంచి దరఖాస్తు తిరిగొచ్చింది. 'మీ రిజిస్టర్ల ప్రకారం ఈ రోడ్డు పదమూడేళ్ళుగా బాగుంది. బాగున్న రోడ్డుకి నిధులివ్వడం కుదరదు.' అభినందనలు ఒక్కటే తక్కువ.

డిటోగారు అప్పటికి జిల్లాకంతటికీ పెద్ద ఇంజనీరు. ఇంకో మెట్టు ఎక్కే కాగితం పైన సిద్ధంగా ఉంది. శాసనసభ్యుడుగారు ఫోను చేసి, ఈ రోడ్డు జాబితాలో లేకపోతే ఆ కాగితం కూడా ఉండదన్నారు. ఏటా రిజిస్టర్ల నకళ్ళు రాజధానికి వెళ్ళిపోతాయి కాబట్టి పాతవి మార్చడానికి లేదు. ఉన్న దారి ఒక్కటే. రిజిస్టర్లు రాసిన అధికారే, అవి తప్పని ఒప్పుకుంటూ, ఆ రోడ్డు వాడేవాళ్ళు అప్పటికప్పుడు రాసుకున్న ఆధారాన్ని జతచేసి, సంతకం పెట్టాలి.

"అలాంటి ఆధారం ఎవడి దగ్గరుంటుందమ్మా?" అన్నారు తల పట్టుకుని.

"మలుపు దగ్గర పంక్చరావిడ దగ్గర పుస్తకాలున్నాయండీ" అన్నాను.

ఆవిడ ఎవరో ఆయనకి గుర్తులేదు. ఏడేళ్ళుగా నెలనెలా అర్జీ పెట్టిన మనిషి గుర్తులేదు. ఆ క్షణంలో నాకు ఆయన మీద వచ్చినంత అసహ్యం ఎప్పుడూ రాలేదు.

జీపులో నన్నూ తీసుకెళ్ళారు, రాసుకోడానికి. మేము వెళ్ళేసరికి ఆవిడ ట్యూబుని తొట్టిలో ముంచి బుడగలు చూస్తోంది. తలెత్తి, బోర్లా పడున్న లారీ టైరు చూపించి, "కూర్చోండి సార్" అంది. కూర్చున్నారు. తెల్లప్యాంటు. రేకుపెట్టెలోంచి పద్నాలుగు పుస్తకాలు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తిప్పుతుంటే మొహం వెలిగిపోయింది. తేదీలు, రాళ్ళ నంబర్లు, విరిగిన కమాను పట్టీలు, వంగిన రిమ్ములు.

"బంగారమమ్మా ఇవి! ప్రభుత్వం నీకు సన్మానం చెయ్యాలి" అన్నారు.

చివరగా మొదటి పుస్తకం తెరిచారు. మొదటి పేజీ చదివారు. అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పేజీ అంచుని రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

"ఇదేదో... చిత్తుపేజీలా ఉంది. ఇదొక్కటీ తీసేద్దామమ్మా."

"తీసెయ్యండి సార్. మిగతావి పట్టుకెళ్ళండి" అంది, ట్యూబుకి గరుకుకాగితం రుద్దుతూ.

ఆయన గబగబా రెండో పేజీ చూశారు. కొట్టు తెరిచిన రోజుది. గడువునుంచి వెనక్కి లెక్కేశారు. ఆరేళ్ళ పదినెలలు. రెండునెలలు తక్కువ. మొదటి పేజీతో కలిపితే ఏడేళ్ళ ఒక నెల. అప్పుడు అర్థమైంది నాకు, ఆ సోమవారం ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది ఇదేనని. ఏడాది ముందయితే ఏడేళ్ళు నిండవు. ఏడాది తరవాతయితే మొదటి పేజీ అక్కర్లేదు. ఆ ఒక్క గడువుకే ఆ పేజీ కావాలి.

"కొత్తపేజీ ఒకటి రాసివ్వమ్మా. అదే తేదీ, ఏదో ఒక సైకిలు, ఇంకేదో గుంట..."

"జరిగినదాన్ని మార్చి రాయడం మీకొచ్చు సార్. నాకు రాదు."

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు. గొంతు తగ్గించారు. "చూడమ్మా, రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది నీ కొట్టే. నేను తలుచుకుంటే మలుపుని అవతలివైపు జరిపిస్తాను. నీ బతుకు నీకుంటుంది."

"కొట్టు పోనీండి. ఈ గుంట మీద తిన్న తిండి ఏడేళ్ళూ నాకు ఒంటబట్టలేదు."

"నాకింకా నాలుగేళ్ళ సర్వీసుందమ్మా. ఇది రాస్తే విచారణ వేస్తారు. నా పరువు..."

"మా ఆయనకి ముప్పై ఏళ్ళ సర్వీసుండేది సార్. పరువు కూడా ఉండేది. మీరే తీసుకెళ్ళారు, తెచ్చివ్వండి."

ఆయన నావైపు తిరిగి, "రాసుకోమ్మా" అన్నారు. పంక్చరక్క తడిచేతిని అడ్డం పెట్టింది.

"టైపమ్మగారు వద్దు. మీ చేత్తో రాయండి. పద్దెనిమిదో కిలోమీటరు, ఆ తేదీ, ఆ వ్యాను. గుంట ఉందని, మర్నాడు మీరే పూడ్పించారని, డ్రైవరు తప్పు లేదని. నిర్లక్ష్యం అన్న మాట కూడా ఉండాలి, ఈసారి మీ పేరు పక్కన. మూడు కాపీలు. ఒకటి రాజధానికి, ఒకటి నాకు, ఒకటి మాస్టారి తల్లికి."

శాసనసభ్యుడుగారి గడువు ఇంకా రెండురోజులు. ఆయన రాశారు, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, టైరు మీద వంగి. ఒక కాపీ అయ్యాక రెండోదాని మీద తేదీ వేసి, అలవాటుగా రెండు గీతలు పెట్టబోయారు.

"డిటో పెట్టొద్దు సార్" అంది పంక్చరక్క. "పూర్తిగా రాయండి. మూడుసార్లూ."

మూడుసార్లూ రాశారు. లేచినప్పుడు తెల్లప్యాంటు వెనక నల్లటి చక్రం అచ్చు పడి ఉంది. నేను చూశాను, చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.

రోడ్డు జాబితాకెక్కింది. ఆయన కాగితం ఆగిపోయింది. విచారణ వేశారు, పదవి దించారు, తారు పీపాల గోడౌనుకి పంపారు. అక్కడ రోజూ పీపాలు తనిఖీ చేసి, ఒక్కోదానికి ఒక్కో వరస పూర్తిగా రాయాలట. ఆ సంగతి చెప్తే పంక్చరక్క కడుపు పట్టుకుని నవ్వింది. "అయ్యో పాపం అనండి టైపమ్మగారూ" అంది. నేను అనలేదు. నాకూ సంతోషంగానే ఉంది. తీసిన గోతిలో ఆయనే పడ్డాడు, నేను మాత్రం గట్టు మీద ఉన్నాననుకున్నాను.

పనులు మొదలైన రోజు యంత్రం ముందుగా ఆవిడ రేకులే పీకింది. మధ్యాహ్నం తలనిండా దుమ్ముతో నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. సోమవారం కూడా కాదు.

"ఈ పూటకి సెలవు పెట్టండి. ఒకచోటికి రావాలి."

వెళ్ళాను. వాళ్ళ వీధి. ఆవిడ గొంతు వినపడగానే ఎదురింటి కిటికీ మూసుకుంది. పంక్చరక్క ఆ తలుపు తట్టింది, తీసేదాకా తట్టింది. మాస్టారి తల్లి గడపలో నిలబడింది. చూపు బాగా మందగించింది. గోడ మీద మాస్టారి ఫొటో.

"నాతో మాట్లాడొద్దు పిన్నిగారూ. వినండి చాలు" అని పంక్చరక్క నా చేతిలో కాగితం పెట్టింది. "చదవండి టైపమ్మగారూ."

చదివాను. గుంట ఉన్నమాట, మర్నాడు పూడ్చినమాట, డ్రైవరు తప్పు లేనిమాట. పెద్దావిడ గడప పట్టుకుంది. "అయితే వాడు... వాడు మంచికే ఎక్కించుకున్నాడు" అంది చివరికి, ఎవరితోనో. ఏడుపు అప్పుడు వచ్చింది, ఇద్దరికీ.

నేను మెల్లిగా వెనక్కి తిరిగాను. పంక్చరక్క కొంగుతో మొహం తుడుచుకుని, రవికెలోంచి ఇంకో కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయిన పాతకాగితం. నా మిషను అక్షరాలు నేను గుర్తుపట్టనా.

"ఇది కూడా చదవండి."

"ఇదెందుకిప్పుడు..."

"పిన్నిగారికి దీని సంగతి విని తెలుసు గాని, కాగితం ఎప్పుడూ వినలేదు. చదవండి. మొత్తం."

రోడ్డు స్థితి బాగుంది. డ్రైవరు నిర్లక్ష్యం. అతివేగం. మొత్తం చదివాను.

"ఇంకా ఉంది. కింద ఎడమవైపు మూలన, చిన్నగా రెండు పొడి అక్షరాలున్నాయి. టైపు చేసినవాళ్ళవట. అవి కూడా చదవండి. ఎవరివో చెప్పండి."

ఏడేళ్ళు. నెలకోసారి నా స్టూలు మీద కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, మనిషంటే మీరేనంది. ఆ కాగితం అప్పుడు కూడా రవికెలోనే ఉంది.

ఆ రెండు అక్షరాలూ చదివాను. నావేనని చెప్పాను.

మాస్టారి తల్లి నా గొంతు వినపడినవైపు ఒకసారి తల తిప్పింది. తరవాత పంక్చరక్క చెయ్యి తడిమి పట్టుకుని, "లోపలికి రా అమ్మా. కూర్చో" అంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.